నీళ్ళ దారి

బెంగుళూరుకు పెద్ద నది లేదు. తరాలుగా ఇక్కడే ఉంటున్న మనవాళ్ళలో కూడా చాలామందికి ఈ సంగతి తట్టదు. ఇది మిట్టమీద కూర్చున్న ఊరు. పడిన వాన లోయల వెంబడి తలా ఒక దిక్కుకు జారిపోతుంది. ఆ నీళ్ళను పెద్దలు చెరువు కింద చెరువుగా ఆపారు. పై చెరువు నిండి మరవ పారితే నీళ్ళు కింది చెరువుకు చేరేవి. చేర్చే దారి పేరే రాజకాలువ.

మా తాత కోలారు సీమలో ఒక పల్లెకు నీరుగంటి. తూము తెరవడం, మడిమడికీ నీళ్ళు పంచడం ఆయన పని. "చెరువు సంగతి ఆమీట నాయనా, ముందు కాలవను చూడల్ల" అనేవాడు.

ఈ ఊళ్ళో ఆ మాట తరచు గుర్తొస్తుంది. ధర్మాంబుధి చెరువున్న చోట ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు. సంపంగి చెరువు చాలామటుకు కంఠీరవ స్టేడియమైంది. చెరువులు పోయినా పల్లం పోలేదు. వాన పడితే నీళ్ళు పాత దారినే వెతుక్కుంటాయి. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగురోడ్డు పక్కనున్న ఆఫీసులకు జనం ట్రాక్టర్లెక్కి పోవలసివచ్చింది.

ముంపు సరే, మురికి మాటేమిటి? లెక్కప్రకారం వానకాలువ వేరు, మురుగు గొట్టం వేరు. మొదటిది నగరపాలిక చూడాలి, రెండోది జలమండలి చూడాలి. కాని గొట్టం పగిలినా, అసలు లేకపోయినా మురుగు చేరేది రాజకాలువకే. రోడ్లమీది నూనె, దుమ్ము, చెత్త తొలివానతో వచ్చి అందులోనే కలుస్తాయి. ఇవన్నీ దిగిన బెళ్ళందూరు చెరువు 2015లో వీధుల్లోకి నురుగు కక్కింది. 2017లో, 2018లో మంటలే లేచాయి. చెరువు కాలిందంటే మా తాత నమ్మేవాడు కాదు.

ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2009లో చట్టం సవరించి, పెద్ద స్థలాల్లోని పాత ఇళ్ళకూ, 30-40 స్థలంలో కట్టే కొత్త ఇళ్ళకూ వాననీరు పట్టి దాచడమో, భూమిలోకి ఇంకించడమో తప్పనిసరి చేశారు. శాంతినగర్ మీదుగా పోయే రాజకాలువలోకి మురుగు రాకుండా మళ్ళించే కె-100 పని 2020 తర్వాత చేపట్టారు.

నాకు అన్నిటికన్నా దగ్గరి సంగతి వేరే ఉంది. 2018 నుంచి బెంగుళూరు మురుగునే శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఆ ఏడే లక్ష్మీసాగర చెరువులో నురుగు కనిపించి, హైకోర్టు కొన్నాళ్ళు ఆపించింది కూడా. శుద్ధి రెండో అంచెతోనే సరిపెట్టారనీ, మూడో అంచె కావాలనీ అక్కడివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అయినా ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్ళు పైకొచ్చాయి. అందుకు సంతోషమే. అయితే ఆ చెరువుల నుంచి భూమిలోకి ఇంకే నీళ్ళే బోర్లలోకి వస్తాయి. నేను ఇక్కడ తూములో పోసిన సబ్బునీళ్ళు, రంగునీళ్ళు శుద్ధిలో మిగిలిపోతే, రేపు మా మేనత్త కొడుకుల బోరులో తేలతాయి.

కాబట్టి చదువరులకు ఒక్క మనవి. మీరు మదరాసులో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, ఈసారి వాన వెలిసినాక మీ వీధి నీళ్ళు ఎటు పోతున్నాయో కాస్త వెంట నడిచి చూడండి. దారిలో అందులో ఏమేం కలుస్తున్నాయో రాసుకుని మీ వార్డు సభ్యునికివ్వండి.