బీపీ అంటే కోపం కాదు

మా పేటలో బీపీ అంటే కోపం. "ఆమెకు బీపీ ఎక్కువ, జోలికి పోకు" అంటారు. ఎన్నడూ గొంతు పెంచని మా పెద్దమ్మ తలనొప్పి తగ్గగానే మాత్ర ఆపేసింది. పక్షవాతం వచ్చాక ఆస్పత్రిలో డాక్టరు మాట: "వీళ్లకు చెప్పినా అర్థం కాదు."

అసలు చెప్పిందెవరు? 140/90 దాటితే బీపీ అని, చాలామందికి ఏ బాధా తెలియదని, బాగున్నా మాత్ర మానొద్దని ఆ చీటీ మీది గీతలు చెప్తాయా? ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే టీ చెంచాడు. కూలికి పోయే క్యారేజీలో ఉండేదే పచ్చడి, ఎండుచేప! కూరగాయలు కొనలేని కూలి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

పెద్దమ్మ ఇప్పుడు ఏఎన్ఎంను వదలట్లేదు. "రాసుకోవడం కాదమ్మా, పైదెంత, కిందదెంత? నాకు చెప్పు."