పూసేదాకా పేరు లేదు

పుస్తకంలో ఆర్కిడ్‌ను గుర్తించటం సులువు. అక్కడ ప్రతి మొక్కా పూసే ఉంటుంది. అనంతగిరి కొండల్లో మా బోటనీ టూరునాడు మాత్రం ఒక్కటీ పూసి లేదు!

మామిడికొమ్మ నంటుకొని వ్రేలాడుతున్న మొక్కను చూపి, "వాండా టెస్సెల్లేటా" అని అందరికన్నా ముందు అరిచాను. "ఎలా చెప్పావు?" అన్నారు మేష్టారు. రెండు వరుసల్లో పట్టీల్లాంటి దళసరి ఆకులు, గాలిలోకి దిగిన లావుపాటి వేళ్ళు అన్నాను. ఆయన నవ్వి, "అకాంపేకీ అవే ఉంటాయి. పువ్వు చూడకుండా పేరు పెట్టకు" అన్నారు. వాండాకు గళ్ళ రేకులు. పెదవి అనే క్రింది రేకు నీలివన్నె. అకాంపేకు పసుపు మీద ఎర్రటి చారలు, తెల్లని పెదవి. అవి విచ్చితేగాని తగవు తీరదు. నోట్సులో పేరు కొట్టేసి ప్రశ్నార్థకం వేశాను.

అప్పుడే మా తోట గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. ఇంటర్ సెలవుల్లో ఇలాంటివే చూసి, "బదనికలు నాన్నా, చెట్టు రసం పీల్చేస్తాయి" అని చదువుకున్నవాడిలా చెప్పి కొట్టించేశాను. బదనిక వేరు కొమ్మలోకి దిగుతుంది. ఆర్కిడ్ బెరడును పట్టుకుంటుందంతే. అది త్రాగేది వాననీరూ, మంచూ.

సెలవులకు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. నాన్న తలపాగా విప్పుకుంటూ, "నువ్వే కదరా కొట్టీమన్నావు" అన్నాడు. కాసేపాగి, "గట్టుమీద చెట్టుకి నిచ్చెన అందలేదు. ఒకటుండిపోనాది" అన్నాడు.

వేసవికి ఇంటికెళ్తాను. అది పూస్తే చూసి, అప్పుడు వ్రాస్తాను పేరు.