ట్యాలీ అయితే చాలదు

మొన్న దసరాకు బళ్లారి వచ్చిన మా అబ్బాయి, ఇంటర్నెట్ లావాదేవీలకు రహస్య తాళం వేసే ‘ఓపెన్ఎస్ఎస్ఎల్’ను మరో రకం యంత్రానికి అమరుస్తూ కూర్చున్నాడు.

“బిల్డ్ అయింది నాన్నా, పరీక్షల్లోనే జవాబులు తప్పుతున్నాయి. గడువు రేపే. పంపేయనా?”

“ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినా పద్దుల్లో తప్పు దాగుంటుంది. కుదరనిదే పంపుతావా? తాళం వెనక జనం డబ్బుందిరా!” అన్నాను.

2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం అందులో రెండేళ్లు దాగుందని వాడే ఒప్పుకున్నాడు.

హంపి ఎక్స్‌ప్రెస్ వదులుకుని వెతికితే, తెల్లవారుజామున దొరికింది. కాన్ఫిగర్ చేసేటప్పుడు వేరే యంత్రం పేరిచ్చాడు. పెద్ద సంఖ్యను ముక్కలుగా దాచేటప్పుడు ఒక్కో యంత్రం ఒక్కో చివరనుంచి మొదలెడుతుందట.

చెక్కుమీద 3-4 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. అలాగన్నమాట!

పరీక్షలన్నీ నెగ్గాకే ఇద్దరం కాఫీ తాగాం.