కాక హాజరు, డాస్‌బాక్స్ తిప్పలు

ఈసారి కొంచెం కంప్యూటర్ ముచ్చట. ఓపికతో చదవండి, ఎవరికన్నా అక్కరకొస్తది.

ఘుబ్రాల మా రూమ్‌ల ఉండే మేస్త్రీ కాక 2003ల ఒమన్ వచ్చిండు. ఇప్పుడు ఇంటికి పోతుండు. ఆఫీసు కాగితాలల్ల మాత్రం ఆయన చేరింది 2009 అని ఉన్నది. అప్పుడు కార్డు మారింది, అంతే. 2023ల వచ్చిన కొత్త లేబర్ చట్టం ప్రకారం గ్రాట్యుటీ ఏడాదికి ఒక నెల బేసిక్. పాతదాంట్ల మొదటి మూడేళ్లకు 15 రోజుల లెక్కనే. ఎట్ల కట్టినా ఆరేళ్లు పోతే ఆరు నెలల బేసిక్ పోయినట్టే.

పాత హాజరంతా ఒక డాస్ ప్రోగ్రామ్‌ల ఉండేది. ఆ ఫోల్డర్ స్టోర్‌ల పడేసిన హార్డ్‌డిస్కుల దొరికింది. ఇప్పటి 64 బిట్ విండోస్‌ల ఆ 16 బిట్ ప్రోగ్రామ్‌లు నడవవు. డాస్‌బాక్స్ వేసి, మౌంట్ కొట్టంగనే తెరుచుకున్నది. పదో తరగతి అయినంక జగిత్యాలల నేర్చిన డాస్ ఇన్నేళ్లకు పనికొచ్చింది. బాపు కట్టిన ఫీజు ఇప్పుడు వసూలైంది!

ఆరేళ్లంటే 72 నెలలు. నెలకొక రిపోర్టు తియ్యాలె. 'ఫర్' కమాండ్‌తోని ఒక్క లైన్ల అయిపోతదనుకున్న. కొడితే అసలు ఆ కమాండే లేదన్నది. 'ఫైండ్' కూడా లేదు. డాస్‌బాక్స్ ముఖ్యంగా పాత ఆటల కోసం చేసింది, ఆట నడవనీకి కావల్సినయే అందుల పెట్టిండ్రు.

రెండు రాత్రులు ఒక్కొక్క నెల చేతితోనే కొట్టిన. సైటు నుంచి వచ్చి కూసుంటే కండ్లు మూతపడేది. తప్పుడు నెల కొట్టి మళ్ల మొదలు. మూడో రాత్రి యాదికొచ్చింది, 'ఇఫ్', 'గోటూ', 'షిఫ్ట్' ఉన్నయి కదా! చిన్న బ్యాచ్ ఫైల్ రాసిన. మొదటి నెల తీసుకుంటది, రిపోర్టు తీస్తది, షిఫ్ట్ కొడితే వెనుక నెల ముందుకొస్తది, మళ్ల పైకి పోతది. ఖాళీ అయితే ఆగుతది. మన బకెట్ల వరుస లెక్కనే. ఒక్కో ఏడాదికి 12 నెలలు రాసి ఆరుసార్లు నడిపిన.

ఇగ ఫైండ్ సంగతి. మౌంట్ చేసింది అసలైన విండోస్ ఫోల్డరే కదా, రిపోర్టులు అండ్లనే పడ్డయి. బయట విండోస్ కమాండ్‌ల 'ఫైండ్‌స్టర్' పెట్టి కాక నంబర్ 0147 వెతికిన. లోపల లేనిది బయట దొరికింది.

70 నెలలు వచ్చినయి. 2006 ఏప్రిల్, మే లేవు. నాకు గుండె ఝల్లుమన్నది. కాక స్క్రీన్ చూసి నవ్విండు, "అరె, బిడ్డ పెండ్లికి పోయిన కదరా అప్పుడు."

నిన్న కాగితాలన్నీ ఆఫీసుల ఇచ్చినం. ఆదివారం రమ్మన్నరు.