గీతలలో ఒక జీవితం

ఆత్మకథ అనగానే అక్షరాలతో నిండిన గ్రంథమే మన మనసులో మెదులుతుంది. బొమ్మలు గీసి బ్రతికిన మనిషి తన కథను చెప్పదలచుకొంటే అది ఏ రూపంలో ఉంటుంది? జపాను చిత్రకథకుడు యొషిహిరో తత్సుమి ఈ ప్రశ్నకు ఎనిమిది వందలకు పైగా పుటలలో బొమ్మలతోనే సమాధానం చెప్పారు. ఆ గ్రంథం పేరు ‘గెకిగా హ్యోర్యూ’. హ్యోర్యూ అంటే దరి తెలియక నీటివాలున కొట్టుకొనిపోవడం. 1995లో ప్రారంభించి పదకొండు సంవత్సరాలపాటు విడతలు విడతలుగా గీసిన ఈ రచన 2008లో రెండు సంపుటాలుగా వెలువడింది.

ఈ ఆత్మకథలో నాయకుని పేరు హిరోషి కత్సుమి. రచయిత తన పేరునే కొద్దిగా మార్చి, తనను తాను ఎడంగా నిలబెట్టి, మరొకరిని చూసినట్లు చూసుకొన్నారు. ఆత్మస్తుతి అనే తెగులు ఆత్మకథకు త్వరగా సోకుతుంది. దానిని తప్పించుకోవడానికి ఆయన ఎన్నుకొన్న మార్గమిది. 1945 ఆగస్టు 15న జపాను చక్రవర్తి కంఠం రేడియోలో వినిపించి, యుద్ధం ముగిసిన క్షణంతో కథ ఆరంభమవుతుంది. ప్రధాన కథ 1960తో ముగుస్తుంది. ఈ పదిహేనేళ్ళలో పదేళ్ళ బాలుడు యువకుడయ్యాడు. ఓడి బూడిదైన దేశం తిరిగి లేచి నిలబడింది. పిల్లల కాలక్షేపంగా ఉన్న మాంగా పెద్దల మనసులను కదిలించే కళగా ఎదిగింది. ఈ మూడు ఎదుగుదలలను ఒకే దారంతో అల్లడమే ఈ గ్రంథం విశిష్టత.

జపాను భాషలో ‘మాంగా’ అంటే నియమమేదీ లేకుండా, తోచినట్లు సరదాగా గీసిన బొమ్మ అని అర్థం. మహాచిత్రకారుడు హొకుసాయి 1814లో తన రేఖాచిత్రాల సంపుటాలను ఈ పేరుతోనే ప్రకటించడం మొదలుపెట్టాడు. నేడు ప్రపంచమంతా ఎరిగిన మాంగా మాత్రం యుద్ధానంతర కాలపు బిడ్డ. కాగితం కరవైన ఆ రోజులలో ఒసాకా నగరంలోని చిన్న ప్రచురణకర్తలు నాసిరకం కాగితంపై చౌక పుస్తకాలు అచ్చువేసేవారు. 1947లో అటువంటి పుస్తకంగానే ‘షిన్ తకరజిమ’ వెలువడింది. దానికి బొమ్మలు గీసిన ఒసాము తెజుక అప్పటికి వైద్య విద్యార్థి. కారు నడుపుకొంటూ రేవు వైపు దూసుకుపోయే బాలునితో ఆ కథ మొదలవుతుంది. నిశ్చలమైన గడులలో వేగాన్ని చూపిన ఆ పుటలు సినిమా తెర కదిలినట్లే ఉండి, ఆనాటి బాలలను ముగ్ధులను చేశాయి.

ఆ ముగ్ధులలో ఒకడు మన హిరోషి. తత్సుమి 1935 జూన్ 10న ఒసాకాలో జన్మించారు. తండ్రి సంపాదన నిలకడలేనిది. అన్నను ఊపిరితిత్తుల జబ్బు మంచాన పడవేసింది. అటువంటి ఇంటిలో హిరోషి పోస్టుకార్డులపై చిన్న చిన్న హాస్యచిత్రాలు గీసి పత్రికలకు పంపేవాడు. ఎంపికైనప్పుడు వచ్చే కొద్దిపాటి బహుమతి సొమ్ము ఆ ఇంటికి ఎంతో ఆసరా. కాని తమ్ముని పేరు అచ్చులో కనిపించిన ప్రతిసారీ, అదే కళను ప్రేమించి మంచం దిగలేకపోయిన అన్న మనసులో అసూయ రగిలేది. రచయిత ఈ ఘట్టాలను దాచలేదు, అన్నను నిందించనూ లేదు. ఆ అన్నే కోలుకొన్న తరువాత చిత్రకథకుడై తమ్మునితో భుజం కలిపాడు. ఒకే ఇంటిలో ప్రేమ, మాత్సర్యం పక్కపక్కనే ఎలా కాపురముంటాయో ఈ భాగం చదివినవారికి తెలుస్తుంది.

ఒక పత్రిక ఏర్పాటు చేసిన గోష్ఠి మూలంగా హిరోషికి తెజుకతో పరిచయం కలిగింది. తకరజుకలోని ఇంట ఆ బాలుని ఆదరించి, పొడవైన కథలు గీయమని ప్రోత్సహించాడాయన. దైవంగా భావించిన వ్యక్తి తన బొమ్మలను చేతిలోకి తీసుకొని చూడడం కంటే ఒక బాలునికి కావలసినదేముంది? చదువు ముగిసే వేళకు హిరోషి దారి తేలిపోయింది. కళాశాల ప్రవేశపరీక్షకు కూర్చొని కూడా, దానిని కావాలనే పూర్తిచేయకుండా వదిలివేశాడు. ఆ నిర్ణయం వెనుక ధైర్యమెంతో, భయమూ అంతే. చిత్రకథకుని జీవితంలో నెలజీతం లేదు, సంఘంలో గౌరవమూ లేదు.

ఆ రోజులలో జపాను పట్టణాలలో పుస్తకాలను అద్దెకిచ్చే దుకాణాలు వేలాదిగా ఉండేవి. తెలుగునాట ఒకప్పుడు వీధి మలుపులలో నవలలను అద్దెకిచ్చిన దుకాణాల వంటివే అవి. కర్మాగారాలలో పనిచేసే యువకులు, కొనలేని పేదలు వాటి పాఠకులు. పగలంతా శ్రమించి వచ్చిన ఆ యువకునికి చిట్టి కుందేలు కథ చాలదు. అతనికి తన బ్రతుకు కనిపించాలి. 1956లో ఒసాకా ప్రచురణకర్త ఒకరు ఈ దుకాణాల కోసమే ‘కగె’, అనగా ‘నీడ’ అనే కథల సంకలనాన్ని ఆరంభించారు. తత్సుమి, ఆయన మిత్రులు అందులో నేర పరిశోధన కథలు గీశారు. అదే ఏడాది ఆయన 127 పుటల ‘కురోయి ఫుబుకి’ని ఇరవై రోజులలో ముగించారు. సంకెళ్ళతో ఒకరికొకరు బంధింపబడిన ఇద్దరు ఖైదీలు, బోల్తాపడిన రైలు నుండి తప్పించుకొని మంచు తుఫానులో పరుగెత్తే కథ అది.

ఈ కథల కొత్తదనం కథావస్తువులో కంటే చెప్పే తీరులో ఉన్నది. ఒక మనిషి గది దాటి తలుపు చేరడానికి పాత పద్ధతిలో ఒక గడి చాలు. తత్సుమి దానికి నాలుగైదు గడులు కేటాయించేవారు. మొదట అడుగులు, పిదప గోడమీది నీడ, ఆ వెనుక తలుపు పిడి మీద వణికే చేయి. మాట ఒక్కటీ ఉండదు. ఆ మౌనంలో పాఠకుని గుండె వేగం పెరుగుతుంది. చీకటి థియేటరులో గంటల తరబడి కూర్చొని చూసిన సినిమాలు ఆయనకు నేర్పిన విద్య ఇది.

నవ్వు పుట్టించని ఈ బొమ్మలను ‘సరదా బొమ్మలు’ అనే అర్థమున్న మాటతో పిలవడం సరికాదని ఆయనకు తోచింది. 1957లో తన కథకు ‘గెకిగా’ అని కొత్త పేరు పెట్టారు. గెకి అంటే నాటకీయత, గా అంటే చిత్రం. 1959లో తకావో సైతో మొదలైన మిత్రులతో ‘గెకిగా కోబో’ అనే బృందం ఏర్పడింది. బాల్యం దాటి పెద్దరికం ఇంకా అందని యువతకు కూడా ఒక సాహిత్యం కావాలని వారు ప్రకటన పంపారు. కాని ఆదరణతో పాటు అపవాదు కూడా వచ్చింది. ఈ కథలలో హింస మితిమీరినదని, పిల్లలు చెడిపోతారని తల్లిదండ్రుల సంఘాలు ఆందోళన చెందాయి. పేరు ప్రచారం కాగానే అనుకరణలు వెల్లువెత్తాయి. బృందం ఎంతో కాలం నిలవలేదు.

ఇందులో అన్నిటికంటె ఆలోచింపజేసేది గురుశిష్యుల సంబంధం. తెజుక లేనిదే తత్సుమి లేరు. అయినా తెజుక నీడలోనే ఉండిపోతే తన మొక్కకు ఎండ తగలదు. ఆయన గురువును దూషించలేదు, ధిక్కరించలేదు. తన పనికి తాను వేరే పేరు పెట్టుకొని వినయంగా పక్కకు తొలగారు. విచిత్రమేమంటే, కాలక్రమాన తెజుక కూడా గెకిగా ప్రభావానికి లోనై 1970 ప్రాంతంలో పెద్దల కోసం గంభీరమైన కథలు గీశాడు. గురువు శిష్యుని నుండి నేర్చుకోవడం కళాలోకంలో అరుదైన శోభ.

1960లో అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ తోక్యో వీధులలో జనం వెల్లువలా కదిలారు. ఆ ఊరేగింపులో చిక్కుకొన్న హిరోషి వారి ఆగ్రహాన్ని చూసి, తన బొమ్మలలో లోపించినది ఆ ఆగ్రహమేనని గ్రహిస్తాడు. ప్రధాన కథ ఆగేది ఈ ఎరుక దగ్గరే. విజయఘోషతో కాక ఒక కొరతను గుర్తించడంతో ముగిసే ఆత్మకథలు బహుకొద్ది. ఆ తరువాతి దశాబ్దాలలో తత్సుమి మురుగుకాలువలు శుభ్రపరిచేవారిని, యంత్రాల నడుమ నలిగే కార్మికులను, ఒంటరి వృద్ధులను గీశారు.

2009లో ఈ గ్రంథానికి మహాపురస్కారం లభించింది. ఆ పురస్కారం ఒసాము తెజుక పేరిట నెలకొల్పినదే. శిష్యుడు గురువు మార్గం విడిచి చాలా దూరం నడచి, చివరకు గురువు పేరునే గౌరవంగా అందుకొన్నాడు. 2015 మార్చి 7న తత్సుమి కన్నుమూశారు.

నీటివాలున కొట్టుకొనిపోయానని ఆయన తన గ్రంథానికి పేరు పెట్టుకొన్నారు. కాని పుటలు తిప్పేకొద్దీ మనకు కనిపించేది చేతిలోని కలాన్ని ఏ ప్రవాహంలోనూ జారవిడువని మనిషి. తాను ఎంచుకొన్న పనిని లోకం చిన్నచూపు చూసినప్పుడు, దానిని విడిచిపెట్టక, లోకమే దానిని తలెత్తి చూసేలా చేయడం ఎలాగో ఆ గీతలు చెబుతాయి.