మస్తూరియా పాట, రాయ్‌పూర్ పాలన

లక్ష్మణ్ మస్తూరియా అంటే తెలుగువారిలో ఎంతమందికి తెలుసునో గానీ, రాయ్‌పూర్‌లో ఆటో నడిపే మనిషి మొదలు సచివాలయ అధికారి దాకా ఆ పేరు తెలియనివారు నాకింకా తారసపడలేదు. ఛత్తీస్‌గఢ్‌లో మన గద్దర్‌కు సమఉజ్జీ ఎవరని హైదరాబాద్ మిత్రులు అడిగినప్పుడల్లా ఆయన పేరే చెబుతాను. ఆ పోలిక సగం దూరమే నడుస్తుందని కూడా వెంటనే చెబుతాను. మస్తూరియా అజ్ఞాతవాసం చేయలేదు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ ఒంటిలోకి దిగిన తూటాల వంటివి ఆయన జీవితంలో లేవు. పాఠాలు చెప్పుకున్నారు, పాటలు రాసుకున్నారు, రాసినవి తానే పాడారు.

1949లో బిలాస్‌పూర్ ప్రాంతంలోని మస్తూరిలో పుట్టారు. ఊరి పేరే ఇంటిపేరయింది. దుర్గ్ దగ్గరి బఘేరాకు చెందిన దావు రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో ‘చందైనీ గోందా’ అనే రంగస్థల బృందాన్ని నిలబెట్టారు. నాటకమూ నాట్యమూ పాటా కలగలిసిన ఆ ప్రదర్శనలో రైతు బతుకే ఇతివృత్తం. ఖుమాన్ సావ్ బాణీలు కట్టగా మస్తూరియా పాటలు రాశారు. ఛత్తీస్‌గఢీ అంటే పొలం గట్టున మాట్లాడుకునే యాస మాత్రమేనని, నలుగురిలో పలికితే నామోషీ అని భావించిన తరానికి, ఆ భాషలోనే ఇంత గంభీరమైన పాట పుడుతుందని ఆ వేదిక చూపించింది. ‘మోర్ సంగ్ చలవ్ రే’ అన్న పాట అక్కడి నుంచే ఆకాశవాణికీ, ఊరూరికీ చేరింది. పడిపోయినవారిని, అలసి ఆగినవారిని తనతో కలిసి నడవమని పిలిచే పాట అది.

తెలంగాణ వలె ఛత్తీస్‌గఢ్ రక్తపుటడుగులతో రాలేదు. 2000 నవంబర్ 1న దాదాపు నిశ్శబ్దంగా అవతరించింది. ఆ నిశ్శబ్దం వెనుక ఇటువంటి వేదికలు మూడు దశాబ్దాలపాటు కూడబెట్టిన ఆత్మగౌరవం ఉన్నదని నా అభిప్రాయం. దీన్ని లెక్కగట్టి నిరూపించలేను. కానీ రాజకీయ చరిత్రలు ఢిల్లీ తీర్మానాలతో మొదలై ఢిల్లీ తీర్మానాలతో ముగిసిపోవడం నాకు రుచించదు.

ఆ పాటలో శత్రువు పేరు లేదు. అందుకే ఏ పార్టీ అయినా దాన్ని నిస్సంకోచంగా ఎత్తుకోగలదు. గద్దర్ పాటలో శత్రువు పేరూ ఊరూ ఉండేవి. కనుక ఆయనకు తూటాలు వచ్చాయి. అయితే మస్తూరియాను మెత్తని కవిగా జమకట్టడమూ అన్యాయమే. ‘సోనాఖాన్ కే ఆగీ’ రాసింది ఆయనే. 1856 కరువులో వర్తకుడి ధాన్యాన్ని ప్రజలకు పంచి, మరుసటి ఏడు డిసెంబర్‌లో రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కిన వీర్ నారాయణ్ సింగ్ గాథ అది. ఇప్పుడు ఆ వీరుడి పేరు నవా రాయ్‌పూర్ క్రికెట్ స్టేడియానికి ఉంది. ధాన్యం సంగతి ఎవరూ ఎత్తరు.

2018 నవంబర్ 3న, శాసనసభ ఎన్నికల వేడిలో, మస్తూరియా కన్నుమూశారు. ఆ ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వం ప్రాంతీయ సంస్కృతినే తన రాజకీయ భాషగా మలుచుకుంది. 2019లో నరేంద్ర దేవ్ వర్మ గీతాన్ని రాష్ట్రగీతంగా ప్రకటించింది. ఆ కవి నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌కు మామగారు కూడా. అది పాట తప్పు కాదనుకోండి. మస్తూరియా పేరిట ఒక పురస్కారమూ వచ్చింది. ఇక్కడ తెలంగాణలో 2023 ఆగస్టులో గద్దర్ పోయారు. తరువాతి ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది.

1965లో బ్రిటన్ రాణి ఇచ్చిన బిరుదును జాన్ లెనన్ 1969లో తిప్పి పంపాడు. బయాఫ్రా, వియత్నాం విషయాల్లో తన ప్రభుత్వ వైఖరిని నిరసిస్తూ రాసిన ఆ లేఖలోనే, తన కొత్త పాట జాబితాలో కిందికి జారుతున్నదని కూడా చిలిపిగా చేర్చాడు. మరణానంతర గౌరవంలో పాలకులకు ఉన్న సౌకర్యం ఇదే: తిప్పి పంపే మనిషి ఉండడు.

ఛత్తీస్‌గఢీని రాజభాషగా గుర్తిస్తూ శాసనసభ 2007లోనే బిల్లు ఆమోదించింది. ప్రభుత్వ దస్త్రాలు మాత్రం హిందీలోనే కదులుతున్నాయి. 2011 జనగణనలో ఛత్తీస్‌గఢీని మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 1 కోటి 62 లక్షలు. వారందరినీ హిందీ ఖాతాలోనే కలిపారు. అదే జనగణనలో దాదాపు 15 లక్షల మంది మాట్లాడే బోడోకు 2003 నాటి రాజ్యాంగ సవరణతోనే ఎనిమిదవ షెడ్యూల్‌లో చోటు దొరికింది. బోడోకు దక్కడం న్యాయమే, దాని వెనుక సుదీర్ఘమైన ఉద్యమం ఉంది. ఛత్తీస్‌గఢీకి ఎందుకు దక్కలేదని అడిగితే, రాయ్‌పూర్‌లో ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఢిల్లీ వైపే వేలు చూపుతుంది. సరే, షెడ్యూల్ ఢిల్లీ చేతిలో ఉంది. తహసీల్దారు కార్యాలయంలో రైతుకు అందే నోటీసు ఏ భాషలో ఉండాలన్నది రాయ్‌పూర్ చేతిలోనే ఉంది కదా?