ప్రవర లేని ప్రతి

తాళపత్ర గ్రంథాలను గూర్చి చర్చించే పుటలలో కంప్యూటరు ఆజ్ఞల ప్రస్తావన కొందరికి వింతగా తోచవచ్చును. అయినను నాకు జరిగిన నష్టం మరొక పండితునికి జరుగరాదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఉద్దానంలోని మా యింట ఆరు తాళపత్రపు కట్టలు ఉండేవి. 2017లో మా మనుమడు వాటికి ఛాయాచిత్రాలు తీసి, కట్టకొక ఫోల్డరు చొప్పున డిస్కులో భద్రపరిచాడు. ప్రతి ఫోల్డరులోను చిత్రాల పేర్లు 001 మొదలుకొని వరుసగా ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతోపాటు మా పెంకుటింటి కప్పు కూడ పోయింది. రెండు కట్టలు తడిసి, బూజుపట్టి, చదువ వీలుకాకుండా పోయాయి. వాటికి మిగిలినవి ఆ చిత్రాలే.

2021లో పాత డిస్కు ఇతర పనులకు కావలసివచ్చి, మనుమడు నేర్పిన మేరకు లినక్సులో చిత్రాలను నేనే కొత్త డిస్కుకు తరలించాను. ‘ఫైండ్’ అనే ఆజ్ఞ ఎన్ని అరల లోపలి ఫైళ్లనైనా వెదకి పట్టుకొంటుంది. దొరికిన ఒక్కొక్కదానిని ‘సీపీ’ ప్రతి చేస్తుంది. ఏ దోషమూ చూపకుండా పని ముగిసింది. పాత డిస్కును తుడిచి వేరే ఫైళ్లతో నింపాను. తరువాత చూడగా 384 చిత్రాలకు 96 మాత్రమే ఉన్నాయి. అది అన్నింటికంటె పెద్ద కట్టలోని చిత్రాల సంఖ్య. ఆరు ఫోల్డర్లలోని ఆరు 001లూ ఒకే చోటికి చేరి, ముందు వచ్చినదానిని వెనుక వచ్చినది చెరిపివేయగా చివరిది మాత్రమే నిలిచింది. పలాసలో 240, 320 రకాలుగా వేరుచేసిన జీడిపప్పును మరల ఒకే కుప్పగా పోస్తే శ్రమ వృథా అవుతుంది. ఇక్కడ సరుకే పోయింది.

దోషం యంత్రానిది కాదు. నేను ఫైలు పేరును పట్టించుకొన్నానే గాని దాని ప్రవరను పట్టించుకొనలేదు. అభివాదవేళ ఋషులను, గోత్రాన్ని, సూత్రాన్ని, శాఖను చెప్పిన తరువాతనే గదా మన పేరు చెప్పుకొంటాము! లినక్సులోని ‘సీపీ’కి ‘పేరెంట్స్’ అనే వికల్పం కలదు. తల్లిదండ్రులని దాని అర్థం. దానిని చేర్చితే ఫైలుతోపాటు దానికి పైనున్న ఫోల్డర్లు కూడ గమ్యస్థానంలో అదే క్రమంలో ఏర్పడతాయి. అయితే ముందుగా మూల ఫోల్డరులోనికి ప్రవేశించి, ‘ఇచ్చటినుండి’ అని సూచించే చుక్కతో వెదకుట ఆరంభించాలి. లేకున్న డిస్కు మొదటినుండి ఉన్న దారి అంతయు అక్కడ పునరుక్తమవుతుంది. ‘ఆర్‌సింక్’ అనే ఆజ్ఞలోని ‘రెలెటివ్’ వికల్పం కూడ ఇదే పని చేస్తుంది. మరొక జాగ్రత్త: ఫైలు పేరులో ఖాళీ ఉన్నచో షెల్ అచ్చట పదచ్ఛేదం చేసి, ఒక్క పేరును రెండుగా గ్రహించవచ్చును. కనుక స్క్రిప్టులో పేరు వచ్చే చోట జంట ఉద్ధరణ చిహ్నాలు ఉంచాలి.

పూర్వం లేఖకులు 32 అక్షరాలు ఒక గ్రంథంగా లెక్కించి, ప్రతి చివర గ్రంథసంఖ్య వేసేవారు. లోపాన్ని కనిపెట్టడానికి అది మంచి ఉపాయం. ఇప్పుడు నా స్క్రిప్టు కూడ ఇరువైపుల ఫైళ్లను లెక్కించి, ‘షా256సమ్’తో ఒక్కొక్కదానిని సరిపోల్చిన పిదపనే ముగుస్తుంది. లెక్క కుదిరినను మూలాన్ని తుడిచివేయను.

చెడని నాలుగు కట్టలకు మరల చిత్రాలు తీసుకొన్నాము. తడిసిన రెండింటికి దక్కినవి 31 చిత్రాలు. వాటిలో మా తాతగారి వ్యాకరణ టిప్పణికి చెందినవేవో దస్తూరిని బట్టి గుర్తించి, వేరే ఫోల్డరులో ఉంచాను. ఆ దస్తూరి ఎరిగినవాడను మా యింట ఇప్పుడు నేనొక్కడనే.